శనివారం బాలసభ

పల్లెటూళ్ల ప్రాథమిక పాఠశాలల్లో శనివారం చివరి పీరియడ్లు బాలసభవి. ఐదో తరగతి అమ్మాయి అధ్యక్షురాలు, నాలుగో తరగతి అబ్బాయి వ్యాఖ్యాత. ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒక గదిలోనో వరండాలోనో చేరతారు. మైకు అక్కర్లేదు, ముఖ్య అతిథి అసలే అక్కర్లేదు. ‘సభకు నమస్కారం’తో మొదలై వందన సమర్పణతో ముగుస్తుంది. వారమంతా టీచరు మాట వినే పిల్లలు తోటి పిల్లల మాట వినేది ఇక్కడే. సిలబస్ మిగిలిపోయిందని ముందుగా ఈ పీరియడ్లనే లెక్కలకు లాక్కుంటుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

సభ శనివారమే అయినా పని బుధవారం నాడే మొదలవ్వాలి. పద్యం ఎవరిది, కథ ఎవరిది, పొడుపు కథ ఎవరిది, వార్తలు ఎవరు చదవాలి అన్నది పిల్లలే తేల్చుకుంటారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను పంచుకుంటారు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఓ అక్క ఒకటో తరగతి బుడతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పద్యం పాదం పాదంగా పలికిస్తుంది. ఇది మన వీధిబడుల నాటి పద్ధతే. బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని 533 బడుల గురించి నివేదిక రాశాడు. వాటిలో ఎక్కువ భాగం తెలుగు, కన్నడ బడులే. ముందున్న పిల్లలు వెనకబడ్డవాళ్లకు చెప్పడం, అలా చెబుతూ తమ చదువునూ గట్టి చేసుకోవడం ఆయనకు ఎంతో నచ్చింది. ఇద్దరే టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడికి ఇంతకన్నా అక్కరకొచ్చే ఉపాయం ఏముంది?

సభకు ఊపు తెచ్చేది పద్యాల అంత్యాక్షరి. రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక జట్టు చెప్పిన పద్యం ఏ అక్షరంతో ముగిస్తే రెండో జట్టు ఆ అక్షరంతో పద్యం అందుకోవాలి. శతకాలకు మకుటం ఉంటుంది కాబట్టి ఇందులో ఎత్తులూ పైఎత్తులూ ఉంటాయి. వేమన పద్యం చెబితే అవతలివాళ్లకు ‘మ’ వస్తుంది. వాళ్లు మేడిపండు పద్యం చదివితే మళ్లీ ‘మ’నే తిరిగొస్తుంది. సుమతీ శతకం ‘త’ను ఇస్తుంది. దాశరథీ శతకం వచ్చిన జట్టుకు ఎదురుండదు, ఎందుకంటే దాని మకుటం ‘ధీ’తో ముగుస్తుంది. ‘ధ’తో మొదలయ్యే పద్యం దొరకడం గగనం. సుమతీ శతకంలోని ధనపతి పద్యం గుర్తున్న పిల్లాడు ఆ పూట జట్టును గట్టెక్కిస్తాడు. దాశరథీ శతకంలోవి వృత్తపద్యాలు, పదేళ్ల పిల్లలకు నోరు తిరగడం కష్టం. అయినా గెలవాలన్న పంతంతో ఎవరూ చెప్పకుండానే నేర్చుకొస్తారు. మార్కుల కోసం బట్టీ పట్టిన పద్యం పరీక్ష దాటగానే పోతుంది. ఇలా నేర్చిన పద్యం పోదు.

పొడుపు కథల్లోనూ పందెం ఉంది. విప్పలేనివాళ్లు ఓ ఊరు ఇచ్చుకోవాలి. ఆ వంకన చుట్టుపక్కల ఊళ్ల పేర్లన్నీ పిల్లల నోట నానుతాయి.

ఇక టీచరు. చోటు వెనక వరసలో, పిల్లల మధ్యన. పిల్లవాడు తడబడితే అందించవచ్చు గానీ మధ్యలో ఆపి దిద్దకూడదు. దిద్దాల్సింది కాగితం మీద రాసుకుని సోమవారం పాఠంలో అందరికీ కలిపి చెబితే సరి. ముఖ్యంగా యాసను ముట్టుకోవద్దు. ‘గిట్లయింది’ అని కథ మొదలుపెట్టిన పిల్లను ‘ఇలా జరిగింది అనాలి’ అని ఆపితే, ఆగేది మాట ఒక్కటే కాదు, కథ కూడా. కోయ, సవర, గోండు, బంజారా పిల్లలను ఇంటి భాషలోనే కథ చెప్పనివ్వాలి, పక్కవాడు తెలుగులో వివరిస్తాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చి ఆ పిల్లలకు చదువు మొదలుపెట్టిన అనుభవం మనకు ఉండనే ఉంది.

నోరు విప్పని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లను ఒంటరిగా నిలబెట్టి ‘చెప్పు, చెప్పు’ అంటే ఇంకా ముడుచుకుపోతారు. మొదట నలుగురితో కలిసి పద్యం, తర్వాత ఇద్దరితో సంభాషణ. ఆపైన చేతికి ఓ వస్తువు ఇవ్వాలి. వేపరెమ్మో ఇంటి నుంచి తెచ్చిన గరిటో ఏదైనా సరే. చూపించడానికి ఏదో ఒకటి ఉంటే చూపులన్నీ దాని మీదికి మళ్లుతాయి, పిల్లకు బెరుకు తగ్గుతుంది. బాగా మాట్లాడే నలుగురితోనే ప్రతి వారం సభ నడిపేసే బడులున్నాయి. అది ఆగస్టు పదిహేనుకు రిహార్సల్ అవుతుందేమో గానీ బాలసభ కాదు.

అందుకే రిజిస్టరు ఉండాలి. ఎవరు ఏం చెప్పారో ఐదో తరగతి పిల్లలు వంతులవారీగా అందులో రాస్తారు. వచ్చే బుధవారం జాబితా వేసేటప్పుడు దాన్ని తిరగేసి, అప్పటిదాకా పేరు కనపడనివాళ్లను ముందు రాసుకుంటారు.