మనం చప్పట్లు కొట్టిన ఆసుపత్రి

‘ఠాగూర్’ సినిమా 2003లో వచ్చింది. నేనూ మా బావమరిదీ యానాం నుంచి కాకినాడ వెళ్ళి చూశాం. ఆసుపత్రి ఘట్టం దగ్గర హాలంతా లేచి నిలబడింది. మేమూ లేచాం. మా బావమరిది నాకంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన మా పేటలో ఆర్‌ఎంపీ వైద్యుడు. తన చేతిలో లేని జబ్బు అనిపించిన రోగిని ఆంధ్రా వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్తాడు. నెలాఖరున ఆ ఆసుపత్రివాళ్ళు ఆయనకు ఒక కవరు ఇస్తారు. ఈ సంగతి అప్పటికే నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల గురించే ఈ నాలుగు మాటలు.

ఆ ఘట్టం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పటికే చనిపోయిన మనిషిని కథానాయకుడు ఒక పెద్ద ఆసుపత్రికి తెస్తాడు. వాళ్ళు చేర్చుకుంటారు. పరుగులు పెడతారు, మందులు తెమ్మంటారు, డబ్బు కట్టమంటారు. అంతా అయ్యాక ప్రాణం పోయిందని విచారంగా చెబుతారు. అప్పుడతను ప్రభుత్వాసుపత్రి ముందే ఇచ్చిన మరణ ధ్రువపత్రం బయటపెడతాడు. మురుగదాస్ తమిళంలో తీసిన ‘రమణ’ (2002)లోదే ఈ ఘట్టం. వి.వి.వినాయక్ దాన్ని తెలుగులోకి తెచ్చారు. పుదుచ్చేరిలోని మనవాళ్ళు విజయకాంత్‌తోనూ, యానాంలోని మనం చిరంజీవితోనూ ఒకే ఆసుపత్రిని చూశాం. ఈనాటికీ ఎక్కడైనా బిల్లు గొడవ జరిగితే ‘ఠాగూర్ సినిమా తరహాలో’ అని పత్రికలు రాస్తాయి. ఒక సినిమా ఘట్టం వాడుకమాట కావడం చిన్న విషయం కాదు.

అలా నిలవడానికి కారణం ఉంది. వైద్యుణ్ణి యముడికి తోబుట్టువని పిలిచి, యముడు ప్రాణమే తీస్తాడు, నువ్వు ప్రాణంతోపాటు ధనమూ తీస్తావని ఎత్తిపొడిచిన పాత సంస్కృత చాటువు ఒకటి ఉంది. ‘వైద్యో నారాయణో హరిః’ అని చేతులు జోడించే మనమే దాన్నీ చెప్పుకుని నవ్వుకున్నాం. ‘ఠాగూర్’ ఆ చాటువును ఇంకో మెట్టు ఎక్కించింది. ఇక్కడ ప్రాణం తీసే పని కూడా లేదు, అది ముందే పోయింది, మిగిలింది ధనమే. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’తో పోల్చి చూడండి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ఆధారంగా తీసిన ఆ కథ నడిచింది అనుబంధాల మీద, అనుమానాల మీద. అక్కడ డాక్టరు ఒక మనిషి. నలభై ఏళ్ళకు డాక్టరు పోయి ఆసుపత్రి వచ్చింది. ఆ మార్పును ఒక్క ఘట్టంలో చూపించినందుకు ‘ఠాగూర్’ను మెచ్చుకోవలసిందే.

నా అభ్యంతరం మరోచోట ఉంది. శవానికి వైద్యం చేయాలంటే ఆసుపత్రిలో ఉన్నవాళ్ళంతా కలిసి అబద్ధమాడాలి. నిజ జీవితంలో లాభానికి అంత అబద్ధం అక్కర్లేదు. అది సందేహంలో బతుకుతుంది. తెల్లకోటు వేసుకున్న మనిషి నెమ్మదిగా, ‘ఎందుకైనా మంచిది, ఈ పరీక్ష కూడా చేయిద్దామండీ’ అంటే చాలు. ఆ పరీక్ష కావాలో వద్దో మనకు తెలియదు. ఒక్కోసారి ఆయనకూ తెలియదు. తెలియనప్పుడు చేయిస్తే ఆసుపత్రికి ఆదాయం, చేయించకపోతే ఆయన మీద నింద. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అది రోగికి మేలు చేసిన తీర్పే. కానీ అదనపు పరీక్షకు ఆ భయాన్నీ సాకుగా చూపించవచ్చు. జాగ్రత్తా లాభమూ ఒకే సంతకంతో వస్తే వాటిని విడదీసే ధ్రువపత్రం ఏ ఆఫీసూ ఇవ్వదు.

బిల్లే అన్యాయానికి గుర్తు అనుకోవడం కూడా ఆ సినిమా మనకు నేర్పిన పొరపాటు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడు పైసా కట్టనక్కర్లేదు, ప్రభుత్వమే కడుతుంది. ఎందరికో అది ప్రాణం పోసింది. అయితే కొన్నేళ్ళకే, అవసరం లేకుండా ఆడవాళ్ళకు గర్భసంచులు తీసేస్తున్నారన్న విషయం రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. ఆపరేషన్ చేస్తే డబ్బు వస్తుంది, మందుతో తగ్గిస్తే రాదు. అక్కడ బిల్లు పట్టుకుని ఏడ్చిన బంధువు లేడు. మోసపోయామన్న సంగతి కూడా మోసపోయినవాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు. ఈ కథకు కథానాయకుడు రాలేడు. వచ్చినా బయటపెట్టడానికి జేబులో కాగితం ఉండదు.

ఆ కాగితం సంగతి మరోసారి చూద్దాం. పెద్ద ఆసుపత్రిని ఓడించింది ప్రభుత్వాసుపత్రి ముద్ర. అంటే ఆ ఘట్టంలో నిజం చెప్పిన సంస్థ అదొక్కటే. కానీ మనం దాన్ని చూసి చప్పట్లు కొట్టలేదు. యానాంవాళ్ళం ఈ తేడా గమనించాలి. 1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాలకు వారసురాలైన జిప్మర్ మన కేంద్రపాలిత ప్రాంతానిదే, కానీ అది మనకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడికి వెళ్తే తమిళం రావాలి, తోడు రావాలి, వారం రోజుల కూలి వదులుకోవాలి. 2024లో యానాంలోనే జిప్మర్ విభాగం ప్రారంభమయ్యేదాకా పెద్ద జబ్బంటే ఆ దూరమో, కాకినాడో, లేదా ప్రైవేటో. ఆ ఖాళీలోనే మా బావమరిది లాంటివాళ్ళు నిలబడ్డారు.

రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం తప్పని 2002 నాటి వైద్యమండలి నియమావళి చెబుతోంది. ‘రమణ’ వచ్చిన ఏడే అది. రిజిస్టరు కాని ఆర్‌ఎంపీకి అది వర్తించదు, కవరు ఇచ్చే పెద్ద డాక్టరుకు వర్తిస్తుంది. ఆ పెద్ద డాక్టరు కూడా పుట్టు దొంగ కాకపోవచ్చు. క్యాపిటేషన్ ఫీజు మీద 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. సీటు కొనుక్కుని చదివినవాడు ఆ సొమ్ము ఎవరి దగ్గర రాబట్టుకుంటాడన్న ప్రశ్నను మన సినిమా ఆసుపత్రి గుమ్మం దాకా కూడా రానివ్వలేదు.

సినిమా చేయలేని పని సాహిత్యం చేయాలి. చేసే శక్తి ఉన్నవాళ్ళు మనకు ఉన్నారు. స్వయంగా వైద్యుడైన కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ రాశారు. పుదుచ్చేరిలో వైద్యం చదివి, డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు సేవ చేసిన కేశవరెడ్డి వైద్య విద్యార్థి మనసులో దూరి ‘సిటీ బ్యూటిఫుల్’ రాశారు. ఇద్దరూ లోపలి మనుషులే. కానీ కవరు ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి, సంతకం పెట్టే చేయి, ఈ మూడింటినీ ఒకచోట చూపించే నవల కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.

ఈ వ్యాసం చిత్తుప్రతి మా బావమరిదికి చదివి వినిపించాను. కోపగించుకుంటాడనుకున్నాను. ‘రాయండి బావగారూ. కవరు సంగతి రాసినప్పుడు అర్ధరాత్రి సంగతి కూడా రాయండి’ అన్నాడు. నిజమే. వానలో, వరదలో, ఏ తలుపూ తెరుచుకోని వేళ మా పేటలో సైకిలేసుకుని వచ్చేది ఆయనొక్కడే. ఇంజెక్షన్ డబ్బులు ఇప్పటికీ సగం మంది బాకీ.

మరో సంగతి ఆయన అడగలేదు, నేనే రాయాలి. సినిమా చూసిన కొన్నేళ్ళకు మా అమ్మకు జబ్బు చేస్తే ఆయనే ఆ ఆసుపత్రిలో చేర్పించాడు. తొమ్మిది రోజులు. చెప్పిన పరీక్షలన్నీ చేయించాం. ఎన్ని అవసరమో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఇంటికి వచ్చింది, మరో రెండేళ్ళు బతికింది. నెలాఖరున బావమరిది మా ఇంటికి వచ్చి, ‘అమ్మగారి కేసు తాలూకు’ అని ఒక కవరు నా చేతిలో పెట్టాడు. ‘ఇది నేను ఉంచుకోలేను బావగారూ’ అన్నాడు. అప్పటికి నా మీద మందుల షాపు అప్పు ఉంది.

నేను ఆ కవరు తీసుకున్నాను.