పావలా పాయింట్లు

మా ఇంట్లో క్రెడిట్ కార్డు ఒకటే, గీకే చేతులు మూడు. నాది, మా ఆవిడది, బెంగళూరులో చదువుకుంటున్న మా అమ్మాయిది. ముగ్గురి ఖర్చూ ఒకే బిల్లులో పడుతుంది. ఏడాది ఫీజు కట్టే నెల వచ్చిందంటే పాత చర్చ లేస్తుంది: క్యాష్‌బ్యాక్ కార్డునే ఉంచుకోవాలా, విమానం టికెట్లకు పాయింట్లిచ్చే కార్డుకు మారాలా?

ఈ చర్చలో అందరూ శాతాల దగ్గర మొదలుపెడతారు. నేను బిల్లు దగ్గర మొదలుపెడతాను. నెలకు అరవై వేలు ఖర్చు పెట్టే ఇల్లు అనుకుందాం. అందులో అద్దె, స్కూలు ఫీజు, ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు చాలా కార్డుల్లో లెక్కలోకే రావు, వచ్చినా అరకొరగా వస్తాయి. పెట్రోలుకు ఒక శాతం సర్‌చార్జి మాఫీ చేస్తే అదే పదివేలు. పాలు, కూరగాయలు, వీధి చివర కిరాణా యూపీఐలో పోతాయి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకోవచ్చని 2022లో రిజర్వ్ బ్యాంకు అనుమతిచ్చింది కాబట్టి ఆ దారి కొంత తెరుచుకుంది గానీ, చిన్న కొట్టువాళ్లు చాలామంది ఆ చెల్లింపు తీసుకోరు. బంగారం కొట్లో కార్డు తీశామో లేదో, ‘రెండు శాతం ఎక్స్‌ట్రా అవుతుంది సార్’ అంటారు. అక్కడికి ఏ కార్డు గొప్పదైనా ఒకటే. ఇవన్నీ తీసేస్తే కార్డుకు నిజంగా పని కల్పించేది పాతిక వేలు.

అందులో పదిహేను వేలు ఆన్‌లైన్లో, పదివేలు షాపుల్లో అనుకోండి. ఆన్‌లైన్‌కు ఐదు శాతం, బయట ఒక శాతం ఇచ్చే కార్డయితే నెలకు 850 రూపాయలు, ఏడాదికి 10,200. వెయ్యి రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ పోయినా తొమ్మిది వేలు మిగులుతాయి. ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, బిల్లులో తగ్గి వస్తుంది.

పాయింట్ల కార్డు నూటికి రెండు పాయింట్లు ఇస్తే అదే ఖర్చుకు ఏడాదికి ఆరువేల పాయింట్లు. వాటి విలువెంత? బిల్లులో సర్దుకుంటే చాలా చోట్ల పాయింటుకు పావలా కట్టిస్తారు, అంటే 1,500 రూపాయలు. ఆపైన మార్చుకున్నందుకు రుసుమొకటి. బ్యాంకు సైట్లోనే టికెట్ కొంటే రూపాయి లెక్కన ఆరువేలు రావచ్చు. విమాన సంస్థ ఖాతాలోకి మైళ్లుగా పంపి, సరైన రోజు సరైన సీటు పట్టుకున్నవాడికి రెండు రూపాయలు కూడా పలకొచ్చు, అంటే పన్నెండు వేలు. ఒకే పాయింటుకు మూడు ధరలు. పై ధర రాబట్టాలంటే ఇంట్లో ఒకరు దానికే కూర్చోవాలి. ఆ కూలీ ఎవరూ లెక్కలో వేయరు.

కూర్చున్నా, పిల్లలున్న ఇంటికి ‘సరైన రోజు’ దొరకదు. మనం కదిలేది దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవుల్లో. పాయింట్లతో ఇచ్చే చవక సీట్లు మాయమయ్యేదీ అప్పుడే. డల్లాస్‌లో ఉండే మా బావమరిదికి, వాళ్లావిడకు చెరో కార్డు, చేరినప్పుడు ఇచ్చే బోనస్ పాయింట్లు కుప్పలుగా ఉన్నాయి. డిసెంబరులో హైదరాబాదుకు నలుగురికీ ఒకే విమానంలో సీట్లు చూడమంటే మాత్రం ఇద్దరికే కనిపిస్తాయి. లండన్ మీదుగా వస్తే పన్నులు, సర్‌చార్జీలు చేతి డబ్బే. పైగా ఇక్కడ మన ప్రయాణాల్లో సగం రైల్లోనో సొంత కారులోనో. తిరుపతికి వందేభారత్ ఎక్కేవాళ్లకు మైళ్లెందుకు?

దాచుకోవడమూ ప్రమాదమే. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమాన సంస్థ ఆగిపోయాక దాని మైళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. జెట్ 2019 ఏప్రిల్లో నేలకు దిగినా మైళ్ల పథకం వేరే కంపెనీ కావడంతో ఇంటర్‌మైల్స్ పేరుతో బతికింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిశాక పాయింట్లు ఎయిరిండియా వాళ్ల మహారాజా క్లబ్‌లోకి చేరాయి గానీ, విస్తారా పేరున్న కార్డులు తీసుకున్నవాళ్లకు ఏడాదికోసారి వచ్చే టికెట్ వోచర్లు ఆగాయి. సంస్థ నిక్షేపంగా ఉన్నా, టికెట్‌కు ఎన్ని పాయింట్లో రాసుకునే కలం వాళ్ల చేతిలోనే ఉంటుంది. క్యాష్‌బ్యాక్‌కూ కోతలు పెడతారు, నెలకింతేనని గీత గీస్తారు. కానీ వచ్చిన రూపాయిని మళ్లీ పావలా చేయలేరు.

పాయింట్ల వైపు ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. క్యాష్‌బ్యాక్ తొమ్మిది వేలు గ్యాసులోనో పప్పుల్లోనో కలిసిపోతుంది, దాంతో ఏం చేశామో ఎవరికీ గుర్తుండదు. పాయింట్లయితే ‘ఇవి మురిగిపోతున్నాయి’ అన్న భయంతోనైనా గోవాకు బయల్దేరదీస్తాయి. మా ఆవిడ వాదన ఇదే, దీనికి నా దగ్గర జవాబు లేదు. క్యాష్‌బ్యాక్ పడ్డ నెల అంత మొత్తాన్నీ వేరే ఖాతాలోకి మళ్లించి దాన్ని ‘తిరుగుడు ఖాతా’ అనుకోవడమే మేం కుదుర్చుకున్న రాజీ.

బిల్లు పూర్తిగా కట్టని ఇంటికి ఈ చర్చే అనవసరం. నెలకు మూడున్నర శాతం పైచిలుకు వడ్డీ, దాని మీద జీఎస్టీ, ఏడాదికి నలభై దాటుతుంది. దాని ముందు ఐదు శాతం ఏపాటిది?

ఈసారికి మేం క్యాష్‌బ్యాక్‌లోనే ఉన్నాం. మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక అడిగితే మాత్రం పాయింట్ల కార్డే తీసుకోమంటాను. ఒక్క సీటు చాలు, మంగళవారం అర్ధరాత్రి ఫ్లైటైనా ఎక్కగలదు, లెక్కలు చూసే ఓపికా ఉంది. కాకపోతే కార్డు తన పేరు మీద, బిల్లు తన జీతంలోంచి.