నవ్వు ఎవరి మీద? – జార్జి కార్లిన్ వ్యంగ్యం

వ్యంగ్యానికి పదునొక్కటే చాలదు, గురి కూడా ఉండాలి. పదును చూసి మురిసిపోయి గురి సంగతి మరచిపోతే విమర్శ సగంలో ఆగిపోతుంది. వేషంగాని కథగాని లేకుండా ఒక్కడే వేదికెక్కి, మాటలతోనే జనాన్ని నవ్వించిన అమెరికన్ హాస్యకారుడు జార్జి కార్లిన్ (1937–2008) విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ఆయన పేరెత్తితే ముందుకొచ్చేది బూతుల వివాదం. టెలివిజన్‌లో పలకగూడని ఏడు మాటలను ఏకరువు పెట్టినందుకు 1972లో మిల్వాకీలో అరెస్టయ్యాడు. అదే వస్తువు మీద ఆయన చేసిన ప్రసంగాన్ని 1973లో న్యూయార్క్ రేడియో కేంద్రమొకటి ప్రసారం చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1978లో న్యాయమూర్తులు 5–4 తేడాతో ప్రభుత్వ నియంత్రణ సంస్థనే సమర్థించారు.

నిజానికి కార్లిన్ బలం బూతుల్లో లేదు, భాషను నిలదీయడంలో ఉంది. యుద్ధంలో మనసు చెదిరిన సైనికుడి జబ్బుకు మొదటి ప్రపంచ యుద్ధం నాటి పొట్టి పేరు, వియత్నాం తర్వాతికి పొడవాటి శాస్త్రీయ నామంగా ఎలా మారిందో 1990లో వరసగా చూపించాడు. జబ్బు మారలేదు, పేరు చల్లబడింది. బాధ వినబడకుండా పోయింది. అధికారానికి భాష ఎలా ఊడిగం చేస్తుందో ఇంత తేటగా చెప్పినవారు తక్కువ. ఇల్లు సామాను దాచే కొట్టుగా మారిందని 1981లో ఆయన చేసిన హేళన కూడా వస్తువ్యామోహానికి సూటిగా తగిలింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. 1996 ప్రదర్శనలో, చెడ్డ నాయకులకు కారణం జనమేనన్నాడు. స్వార్థపరులూ అజ్ఞానులూ అయిన జనానికి అలాంటివాళ్ళే దొరుకుతారనీ, తాను ఓటే వేయననీ చెప్పాడు. 2005 ప్రదర్శనలో, దేశానికి అసలు యజమానులు ధనస్వాములేననీ, ప్రశ్నించే పౌరులు వాళ్ళకు అక్కర్లేదు కాబట్టే చదువు బాగుపడదనీ అన్నాడు.

చదువును పాడుచేసింది యజమానులైతే, అజ్ఞానానికి జనాన్ని బోనెక్కించడం ఏం న్యాయం? బడిపంతులకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. పిల్లవాణ్ణి మొద్దు అనడం తేలిక; వాడికి ఆలోచన నేర్పని ఏర్పాటు ఎవరిదని అడగడం కష్టం. కార్లిన్ 2005లో కష్టమైన ప్రశ్న వేశాడు, 1996లో తేలికైన తీర్పు చెప్పాడు.

ఈ వైరుధ్యానికి మూలం ఆయన దృక్పథంలోనే ఉంది. 1997లో వచ్చిన ‘బ్రెయిన్ డ్రాపింగ్స్’ పుస్తకంలో, మానవజాతి ఏమైపోయినా తనకు పట్టదని ప్రకటించుకున్నాడు. ఒడ్డున నిలబడ్డవాడికి ముంచేవాడూ మునిగేవాడూ ఒకేలా కనిపిస్తారు. యజమానులను దుయ్యబట్టిన ఆ 2005 ప్రదర్శన ప్రసారమైంది కూడా టైమ్ వార్నర్ అనే మహాసంస్థ చేతిలో ఉన్న హెచ్.బి.ఓ.లోనే. దారి చూపని కోపం వ్యవస్థకు అమ్మకపు సరుకే అవుతుంది.

హాస్యకారుణ్ణి కార్యక్రమం అడుగుతారా అని కొందరనవచ్చు. అడిగేది నినాదం కాదు. దెబ్బ కొట్టినవాణ్ణీ దెబ్బ తిన్నవాణ్ణీ వేరుగా చూడమనే. భాష ముసుగు తీయడం మన రచయితలు కార్లిన్ దగ్గర తప్పక నేర్చుకోవాలి. ముసుగు తీశాక జనాన్ని చీదరించుకోవడం మాత్రం నేర్చుకోనక్కర్లేదు.