‘మెడిల్’ క్రియ – తెలుగు సమానార్థకాలు: ఒక పరిశీలన

కీలక పదాలు: అర్థవిపరిణామం, అనువాదం, ఆత్మార్థకం, నిఘంటు నిర్మాణం, జాతీయాలు

ఆంగ్లంలోని ‘మెడిల్’ క్రియకు తెలుగులో సాధారణంగా ‘జోక్యం చేసుకొను’ అని అర్థం చెప్పడం పరిపాటి. ఈ అర్థం తప్పు కాదు గాని, అసంపూర్ణం. తనకు సంబంధం లేని విషయంలో, ఎవరూ కోరకుండా ప్రవేశించడం ఆ క్రియకు వాచ్యార్థం. అలా ప్రవేశించిన వ్యక్తిపట్ల వక్తకు గల నిరసన కూడా ఆ క్రియలోనే ఇమిడి ఉంది. ‘జోక్యం’ అనే మాటలో ఈ నిరసన లేదు. ‘అనవసర జోక్యం’, ‘అనుచిత జోక్యం’ అని విశేషణాలు చేర్చవలసి రావడమే ఇందుకు నిదర్శనం. ఆంగ్లంలో ‘మెడిల్’కు అటువంటి విశేషణం చేరిస్తే పునరుక్తి అవుతుంది.

ఈ నిరసన మొదటినుంచీ ఆ క్రియకు ఉన్నది కాదు. ప్రాచీన ఫ్రెంచి నుంచి ఆంగ్లంలోకి వచ్చిన ఈ పదానికి మూలం ‘కలపడం’ అనే అర్థంగల లాటిన్ ‘మిస్కేరే’. సంస్కృతంలోని ‘మిశ్ర’ శబ్దం దీనికి సోదరపదం. మధ్యయుగాల ఆంగ్లంలో ‘మెడిల్’కు మొదట ఉన్న అర్థం కలపడం, కలవడం. క్రమంగా ఒక పనిలో పాలుపంచుకోవడం అనే అర్థమూ, చివరికి అక్కరలేని చోట పాలుపంచుకోవడం అనే అర్థమూ స్థిరపడ్డాయి. ఇది అర్థాపకర్షకు చక్కని ఉదాహరణ.

దీనికి సన్నిహితమైన క్రియలు ఆంగ్లంలో మరో రెండు ఉన్నాయి. ‘మధ్యకు రావడం’ అనే మూలార్థంగల ‘ఇంటర్వీన్’ తటస్థం. సందర్భాన్ని బట్టి ప్రశంస కూడా. ‘ఒకదానినొకటి కొట్టుకోవడం’ అనే మూలార్థంగల ‘ఇంటర్‌ఫియర్’లో అడ్డు తగలడమనే ఛాయ ఉంది. తెలుగు పత్రికాభాష ఈ మూడింటికీ ‘జోక్యం’ అనే ఒక్క మాటనే వాడుతున్నది. 1945 నాటి ఐక్యరాజ్యసమితి అధికారపత్రం రెండవ అధికరణం వాడింది ‘ఇంటర్వీన్’. 1954 నాటి పంచశీల ఒప్పందం నిషేధించింది ‘ఇంటర్‌ఫియరెన్స్’. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల విషయంలో రష్యాపై ఆంగ్ల పత్రికలు తరచుగా ప్రయోగించింది ‘మెడ్లింగ్’. తెలుగు పాఠకునికి ఈ మూడూ జోక్యాలే. ‘ప్రభుత్వం జోక్యం చేసుకోవాలి’ అనే అభ్యర్థనలోనూ, ‘కింది కోర్టు తీర్పులో జోక్యం చేసుకోలేం’ అనే న్యాయస్థానపు మాటలోనూ ఉన్నది అదే పదం.

అంతమాత్రాన తెలుగులో ఈ భేదాన్ని తెలిపే సాధనాలు లేవనుకోవడం పొరపాటు. అవి వ్యవహారంలో పుష్కలంగా ఉన్నాయి. ‘పెద్దలు కలుగజేసుకొని సర్దిచెప్పారు’ అన్నప్పుడు ‘కొను’ అనే ఆత్మార్థక రూపం కర్త స్వయంగా పూనుకోవడాన్ని తెలుపుతుంది; అందులో నింద లేదు. ‘పెద్దలు తలదూర్చారు’ అంటే గౌరవ బహువచనం ఉన్నప్పటికీ నింద తప్పదు. ‘దూరు’ క్రియ ఇరుకైన చోటికి చొరబడడాన్ని సూచిస్తుంది కనుక, అక్కడ ఆ తలకు చోటు లేదన్న భావం జాతీయంలోనే ఉంది. పైగా ‘ఆ గొడవలో తలదూర్చకు’ అనే మాటలో దూర్చినవానికే చేటన్న హెచ్చరిక ధ్వనిస్తుంది. ‘వేలుపెట్టు’ తీరు వేరు. ‘ప్రతిదాంట్లో వేలు పెడతాడు’ అన్నప్పుడు ఎత్తిచూపుతున్నది ఒక సంఘటనను కాదు, ఒక స్వభావాన్ని. ‘జోలికి పోవు’ అనేది ఎక్కువగా నిషేధంలోనూ వ్యతిరేకార్థంలోనూ వినిపిస్తుంది. ఇక వస్తువుల విషయంలో వాడే ‘మెడిల్ విత్’కు ‘కెలుకు’ అన్నదే సరైన మాట. బాగా నడుస్తున్న యంత్రంలో ఎవరూ జోక్యం చేసుకోరు, దాన్ని కెలుకుతారు.

సాహిత్యానువాదంలో ఈ ఎంపిక పాత్రచిత్రణకే సంబంధించినది. జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’ నవలలో ఎమ్మా తన స్నేహితురాలు హారియెట్‌ను ప్రభావితం చేసి, రాబర్ట్ మార్టిన్ వివాహప్రస్తావనను తిరస్కరింపజేస్తుంది. తాను మేలు చేస్తున్నానని ఆమె నమ్మకం. నైట్లీ దృష్టిలో అది కూడని పని. ఒకే చర్యకు ఎమ్మా వైపునుంచి ‘పూనుకొను’, ‘చొరవ తీసుకొను’ వంటివీ, నైట్లీ వైపునుంచి ‘తలదూర్చు’ వంటివీ తగును. రెండు చోట్లా ‘జోక్యం’ అని రాస్తే దృష్టిభేదం మాసిపోయి, ఇంటిలోని మాట కార్యాలయపు ఉత్తరంలా వినిపిస్తుంది. ‘మెడిల్’ను వక్త తన చర్యకు వర్తింపజేసుకోవడం అరుదు, చేసినా ‘నేను తలదూర్చడం లేదు గానీ’ అన్న తరహాలో నిరాకరణగానే చేస్తాడు. తెలుగు జాతీయమూ సరిగ్గా ఇలాగే ప్రవర్తించడం గమనార్హం.

కనుక ఆంగ్ల–తెలుగు నిఘంటువులో ‘మెడిల్’ ఆరోపం కింద ‘తలదూర్చు, వేలుపెట్టు’ ముందుగా రావాలి. వస్తుపరమైన ప్రయోగానికి ‘కెలుకు’ను వేరుగా చూపాలి. ‘జోక్యం చేసుకొను’ను ఇవ్వదలిస్తే ‘అనుచితంగా’ అనే విశేషణంతోనే ఇవ్వాలి. జాతీయాలను గ్రామ్యమని పక్కనపెట్టే అలవాటు నిఘంటుకారులు మానుకోనంతవరకు, అనువాదకుని చేతికి అందేది ‘జోక్యం’ ఒక్కటే.