కొసరాజు పాటలో రైతు ఎవరు?

ఈ భాగంలో ఒక సినిమా కవిని పరిశీలిస్తాం. సినిమా పాటను పాఠ్యాంశంగా చదవడం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పాట ఎక్కడ పుట్టిందన్న దానికన్నా ఎవరితో మాట్లాడుతోంది, ఏం చెబుతోంది అన్నవే విమర్శకు ముఖ్యం. కొసరాజును చదివేటప్పుడు ఈ రెండు ప్రశ్నలనూ దగ్గర ఉంచుకోండి.

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే రైలు దారిలో సంగం జాగర్లమూడి వస్తుంది. తెనాలి దాటి బాపట్ల వైపు సాగితే, బాపట్లకు కాస్త ముందు అప్పికట్ల. ఇదంతా కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే నేల. కొసరాజు రాఘవయ్య చౌదరి 1905లో అప్పికట్లలో పుట్టారు. వీధిభాగవతాలు, తత్వాలు, పొలం పాటలు వింటూ పెరిగిన తరం అది. ‘జానపద కవి సార్వభౌమ’ అన్నది ఆయన బిరుదు. బిరుదు గౌరవప్రదమైనదే కాని విద్యార్థిని కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఊళ్లో ఉన్న పాటలను ఏరి సినిమాకు అందించిన సేకర్తగా ఆయనను చూపిస్తుంది. ఆయన చేసింది అది కాదు. జానపద గేయంలో ఉన్న పిలుపును, పల్లవి తిరిగి తిరిగి వచ్చే తీరును, ఎత్తిపొడుపును తీసుకుని వాటికి కొత్త ప్రత్యర్థిని చూపించారు.

ఆ పని ‘రైతుబిడ్డ’ (1939)తో మొదలైంది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి కొసరాజు పాటలు రాశారు, నటించారు కూడా. జమీందారీ దౌర్జన్యాన్ని ఎదిరించే ఈ కథను నిర్మించిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారే! చిత్రాన్ని కొన్ని జిల్లాల్లో నిషేధించారు. ఆ తరువాత చాలాకాలం ఆయన సినిమాలకు దూరంగా ఉన్నారు. కె.వి. రెడ్డి ‘పెద్దమనుషులు’ (1954)తో మళ్లీ వచ్చారు. అందులో తత్వాల ధోరణిని వాడుకుని ఊరి పెద్దల కపటాన్ని దుయ్యబట్టారు.

ఇక ‘రోజులు మారాయి’ (1955)లోని ఏరువాక పాట. తాపీ చాణక్య దర్శకుడు, మాస్టర్ వేణు సంగీతం, గానం జిక్కి, తెరపై నర్తించింది వహీదా రెహమాన్. పాట వినకపోయి ఉంటే ఒకసారి విని తరువాత ఈ పేరా చదవండి.

పాటంతా ‘నువ్వు’ అని రైతును పిలుస్తూ నడుస్తుంది. మొదట అంతా పని వివరమే: చద్దిమూట, ముల్లుగర్ర, నాగలిని సరిచూసుకోవడం, ఎలపట దాపట ఎడ్లను కట్టడం, సాలు తప్పకుండా దున్నడం, విత్తనం చల్లడం. వర్ణన కోసం వర్ణన చేసే కవి ఇక్కడితో ఆగిపోయేవాడు. కొసరాజు ఆగలేదు. పొలాలు అమ్ముకుని టౌనులో మేడలు కట్టేవారు, బ్యాంకులో డబ్బు దాచుకునేవారు, రాజకీయాల మీద బతికేవారు, ఓట్లు గుంజుకుని మరిచిపోయేవారు వరుసగా వస్తారు. ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగింది ఆ ఏడే. అంటే శ్రోతకు ఆ ఓటు మాట పాతది కాదు. పని చెప్పే నోటితోనే పని చెయ్యని వాళ్లను లెక్కపెట్టడం ఈ పాట బలం. పని పేర్లు అంత ఖచ్చితంగా ఉన్నాయి కనుకనే ఆ నింద గాలిమాట అనిపించదు. ఈ బాణీని ఎస్.డి. బర్మన్ ‘బొంబాయి కా బాబు’ (1960)లో వాడుకున్నారు. అక్కడ అది సరదా పాటగా మిగిలింది. ఈ పాట అర్థం బాణీలో లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

అయితే పాట ఒక ప్రశ్నను దాటవేసింది. అందులోని రైతు సొంత ఎడ్లతో, ఇల్లాలిని వెంటబెట్టుకుని పొలానికి వెళ్లేవాడు. ఎండిన బీళ్లు చిగురించడం, విత్తు చల్లడం మెట్ట సేద్యపు దృశ్యాలు. తెనాలి, బాపట్ల మాగాణిలో మనకు ఎక్కువగా కనిపించేది ఊడ్పు. ఊడ్పు వంగి చేసేది కూలికి వచ్చే ఆడవాళ్లు, వారిలో దళితులు ఎందరో. వారు ఈ పాటలో లేరు. పట్నపు మేడకు ఎదురుగా ‘రైతు’ను నిలబెట్టినప్పుడు భూమి ఉన్నవాడూ, లేనివాడూ ఒకే మాటలో కలిసిపోయారు. పాటకు అంత విస్తృతి రావడానికి ఆ కలయిక కూడా ఒక కారణం. నా అభిప్రాయంలో పాట పరిమితి కూడా అదే.

తరువాత ఆయన ఎత్తిపొడుపు ఎక్కువగా హాస్యపాత్రల నోట వినిపించింది. ‘కులగోత్రాలు’ (1962)లో పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాడి గోల, ‘రాముడు భీముడు’ (1964)లో సిగరెట్టు మీద ఆలుమగల వాదం అలాంటివే. దీన్ని పతనమని కొట్టివేయడం తొందరపాటు. ప్రశ్న, జవాబు, ఎదురు ప్రశ్న అనే వీధిభాగవతపు నడక వాటిలో చెక్కుచెదరలేదు. పోయింది ప్రత్యర్థి. మేడ కట్టినవాడు, ఓటు గుంజినవాడు ఉండవలసిన చోట పేకముక్క, సిగరెట్టు వచ్చాయి. ఇందుకు కవినొక్కడినే తప్పుపట్టలేం, పాట సందర్భాన్ని నిర్ణయించేది కథ.

అభ్యాసం: మీ ఊళ్లో నాట్లు వేసేవారు, కోతలు కోసేవారు పాడే పాట ఒకటి విని రాసుకోండి. అందులో ఎవరు ఎవరిని పిలుస్తున్నారు? పనిముట్లు ఎవరివి? ఏరువాక పాటతో పోల్చి ఒక పుటకు మించకుండా రాయండి.