అనుకరణ అణువు: ఒక పరిభాషా విమర్శ

హార్మోను తెచ్చిన సందేశాన్ని కణం లోపల అందుకొని వ్యాపింపజేసే చిన్న అణువులు ద్వితీయ సందేశవాహకాలు. కాలేయంలో గ్లైకోజెన్ విచ్ఛిన్నమయ్యే తీరును పరిశోధిస్తూ ఎర్ల్ సదర్లాండ్ గుర్తించిన సైక్లిక్ ఎ.ఎం.పి. వీటిలో మొదటిది. హార్మోనుల చర్యపై చేసిన కృషికి ఆయనకు 1971లో నోబెల్ బహుమతి లభించింది. ఈ అణువు ఎ.టి.పి. నుంచి పుడుతుంది. ఎ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కలిసి వెల్లడించినవారు యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు. తెలుగువారికి ఇంత దగ్గరి చరిత్ర గల ఈ రంగంలో సంశ్లేషిత ప్రతిరూపాలన్నింటినీ 'అనుకరణ అణువులు' అనే ఒకే మాటతో సూచించడం ఎంతవరకు సమంజసమన్నది పరిశీలించవలసిన అంశం.

సైక్లిక్ ఎ.ఎం.పి.లోని ఫాస్ఫేటుకు ఋణావేశం ఉండటం వల్ల అది కణత్వచాన్ని సులభంగా దాటలేదు. లోపల ఫాస్ఫోడైఎస్టరేజ్ దానిని త్వరగా ఛేదిస్తుంది. ఈ రెండు అవరోధాలను అధిగమించడానికే రసాయన సంశ్లేషణ అవసరమైంది. 1962లో పోస్టర్నాక్, సదర్లాండ్, హెనియన్ వెలువరించిన ఉత్పన్నాల పరంపరకు చెందిన డైబ్యుటిరిల్ రూపం కణంలోకి మెరుగ్గా చేరుతుంది. అయితే లోపల విడుదలయ్యే బ్యుటిరేట్ హిస్టోన్ డీఅసిటైలేజ్‌లను నిరోధించి జన్యువ్యక్తీకరణను మార్చగలదు. కాబట్టి బ్యుటిరేట్‌తో విడిగా నియంత్రణ ప్రయోగం చేయకుండా ఫలితాన్నంతా సందేశవాహకానికే ఆపాదించడం దోషం.

ఫాస్ఫేటులో వలయం వెలుపలి ఒక ఆక్సిజన్ స్థానంలో గంధకాన్ని చేర్చిన రూపాలు మరింత స్పష్టమైన ఉదాహరణ. గంధకం ఒక దిశలో ఉన్న ఎస్‌పి రూపం ప్రోటీన్ కైనేజ్-ఎ ను చైతన్యపరుస్తుంది. మరో దిశలో ఉన్న ఆర్‌పి రూపం అదే స్థానంలో కూర్చొని దానిని నిరోధిస్తుంది. పరమాణువులు అవే, పని మాత్రం విరుద్ధం. సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధకులు రూపొందించిన అమినోప్టెరిన్ కూడా ఇటువంటిదే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఆ అణువు దాని పనిని అడ్డగించడం వల్లనే 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించిన బాలల ల్యుకేమియా చికిత్సకు ఆధారమైంది.

పోలిక వేరు, వ్యాపారం వేరు. అలంకారశాస్త్రంలో శంకుకుడు చిత్రతురగ న్యాయంతో రసాన్ని అనుకరణగా నిరూపించబోగా, భట్టతౌతుడు ఆ వాదాన్ని ఖండించిన సంగతి అభినవభారతి వల్ల తెలుస్తున్నది. దేనిని, ఏ అంశంలో అనుకరిస్తున్నదన్న ఆనాటి ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. గ్రాహకంతో బంధించే ఆకృతినా, దానిని కదిలించే శక్తినా?

అందువల్ల ఆకృతి సామ్యం మాత్రమే తెలిసినప్పుడు 'ప్రతిరూపం' అనీ, మూలాణువు పనిని నెరవేర్చినప్పుడు 'ప్రతిరూప ప్రేరకం' అనీ, అడ్డుకున్నప్పుడు 'ప్రతిరూప నిరోధకం' అనీ వ్యవహరించడం ఉచితం. మాటలు మూడైతే విద్యార్థి ప్రయోగ ఫలితాన్ని చదివేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఆ పేరులోనే కనిపిస్తుంది.