టార్గెట్ ఎవరి గడప తొక్కుతోంది?

యాప్ తెరలు గీయడం నా వృత్తి. ఏ బటన్ పెద్దగా ఉండాలి, ఏ మాట ముందు కనబడాలి, జనం ఎక్కడిదాకా వచ్చి వెనక్కి పోతున్నారు అని చూసుకోవడమే పని. స్టార్టప్‌లలో దీన్ని 'గ్రోత్' అంటారు. ధర్మవరంలో పుట్టినవాణ్ని కాబట్టి, ఏ తెర గీసినా మా ఊళ్లో మగ్గం ముందు కూర్చున్న మనిషి చేతికిచ్చి చూడాలనిపిస్తుంది. అలా ఇచ్చి చూస్తే, వేగంగా ఎదగడం గురించి మా రంగం చెప్పుకునే మాటలు చాలావరకు నిలవవు.

పట్టుచీర నేసే ఇంటికి డబ్బు లెక్కగా వారం వారం రాదు. షావుకారు ఇచ్చిన పట్టుతో పడుగు ఎక్కించి, నేసి, చీర కోసి అప్పజెప్పాక కూలి చేతికొస్తుంది. వానలు పట్టుకుంటే గుంత మగ్గంలోకి నీళ్లు ఊరతాయి, పని ఆగిపోతుంది. పెళ్లిళ్లు లేని నెలల్లో చీర కదలదు. ఇలాంటి ఇంటికి వారం వారం వాయిదా పెడితే, కట్టడానికి ఇంకోచోట అప్పు చేయక తప్పదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా అదే జరిగింది. వెంచర్ పెట్టుబడులతో పెరిగిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. పబ్లిక్ ఇష్యూకు 13 రెట్లకు పైగా బిడ్లు వచ్చాయి. ఇలా చిన్న అప్పులిచ్చే కంపెనీలన్నీ పోటీపడి ఒకే వీధిలో, ఒకే మహిళకు అప్పు మీద అప్పు ఇచ్చాయి. ఒక కంపెనీ వాయిదా ఇంకో కంపెనీ అప్పుతో తీరుతుంటే ప్రతి కంపెనీ పుస్తకంలోనూ ఖాతాలు పెరుగుతున్నాయి, వసూళ్లూ భేషుగ్గా ఉన్నాయి. అంకె అబద్ధం చెప్పలేదు. కానీ ఆ డబ్బు ఎలా పుట్టిందో చెప్పే గడి ఆ పుస్తకంలో లేదు.

వేధింపుల వార్తలు, ఆత్మహత్యల వార్తలు వచ్చాక, అదే ఏడాది అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదా వారానికి కాదు నెలకు, వసూలు ఇంటి ముందు కాదు పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలో అంది. ఒకరికి రెండు సంస్థలకు మించి అప్పివ్వకూడదని 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ సిఫారసు చేసింది. అప్పటికే రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. పద్ధతిగా అప్పిచ్చినవాళ్లూ మునిగారు. అవసరమున్న ఆడవాళ్లు మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కారు.

"ముందు పెరుగుదాం, తర్వాత సరిచేద్దాం" అనే మాట మా మీటింగుల్లో విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. తప్పు పద్ధతితో వచ్చిందే ఆదాయంలో ముఖ్యభాగమయ్యాక దాన్ని ఎవరు తీసేస్తారు? తీస్తే అంకె పడిపోతుంది. అంకె చూసి డబ్బు పెట్టినవాడు ఒప్పుకోడు.

పదేళ్లకు అదే కథ ఫోనులోకి వచ్చింది. 2020లో కరోనాతో మగ్గాలు ఆగాయి, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. అదే సమయంలో ఏడు రోజుల గడువుతో అప్పులిచ్చే యాప్‌లు విజృంభించాయి. ఫీజు ముందే కోసుకుని మిగిలింది ఇచ్చేవి. గడువు దాటితే ఫోనులో ఉన్న చుట్టాలకు, స్నేహితులకు అవమానపు మెసేజ్‌లు పంపేవి. ఆ ఏడాది చివర తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్‌లో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. కాంటాక్టులు చూసేందుకు అనుమతి అడిగే ఆ తెర ఆకాశం నుంచి ఊడిపడలేదు. నాలాంటివాడే ఒకడు కూర్చుని గీశాడు. 'అనుమతించు' బటన్‌కు మంచి రంగు కూడా వేసి ఉంటాడు.

ఊళ్లో ఒక పెద్దామెకు ఒకసారి ఫోనులో ఒక ఆఫర్ తెర వచ్చింది. "వద్దనాలంటే యాడ నొక్కల్ల నాయనా?" అని నన్నడిగింది. మూలన లేత బూడిద రంగులో, చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె కళ్లకు అది ఆనలేదు. అట్లా రాబట్టిన 'సరే'ని కస్టమర్ అంగీకారం అని లెక్కేసుకునే హక్కు మాకు లేదు.

వేగమే పాపం అనను. 2016లో మొదలైన యూపీఐ ధర్మవరం టీ కొట్టు దాకా వచ్చింది. పనికొచ్చింది కాబట్టే నిలిచింది. క్యాష్‌బ్యాక్‌లు పంచారు నిజమే, కానీ తెలియని బాకీలో ఎవరినీ దించలేదు. నేను చూసే తేడా అది: ఒప్పుకునేది ఏమిటో తెలిసి మనిషి ఒప్పుకున్నాడా లేదా.

చట్టం కొంత చేసింది. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు మార్గదర్శకాలిచ్చింది. కాంటాక్టులు ముట్టకూడదు, మొత్తం ఖర్చు ముందే ఒకచోట చూపాలి, కొద్దిరోజుల్లో మనసు మార్చుకుంటే జరిమానా లేకుండా అప్పు తిరిగిచ్చేయొచ్చు. 2023 నవంబరులో కేంద్రం 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించింది. 'ఇంకొక్కటే చీర మిగిలింది' అంటూ లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి.

ఇక మిగిలింది మా పని. చేతికొచ్చేదెంత, తిరిగి కట్టాల్సిందెంత అన్న రెండు అంకెలు ఒకే తెర మీద, ఒకే సైజులో ఉండాలి. 'వద్దు' కూడా 'సరే' అంత పెద్దగా ఉండాలి. మనసు మార్చుకుని అప్పు వెనక్కిచ్చినవాళ్లెందరు, ఒక అప్పు తీరిన వారంలోనే ఇంకొకటి తీసుకున్నవాళ్లెందరు అన్న లెక్కలు రెండూ, కొత్తగా చేరినవాళ్ల సంఖ్య పక్కనే, సోమవారం మీటింగులో గోడ మీద కనబడాలి. పెట్టుబడిదారు వచ్చిన రోజున కూడా వాటిని అక్కణ్నుంచి తీయకూడదు.